మా పేరంటాలు ఔననలేదు

చారిత్రక ప్రేమ నవలల పోటీకి న్యాయనిర్ణేతగా ఉండమని పుంగనూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను టమోటాలు తరుగుతున్నాను. మదనపల్లెలో ఉండేవాళ్ళకు ఏ కబురొచ్చినా టమోటాలు తరిగేటప్పుడే వస్తుంది. నా బతుకులో నేను న్యాయం చేసింది తక్కువ, నిర్ణయించింది ఇంకా తక్కువ. ఆ మాటలో ఇక మిగిలేది నేత. ఆ పని నాకన్నా బాగా చేసేవాళ్ళు మా ఊళ్ళో మగ్గానికొకరు ఉన్నారు. అయినా ఒప్పుకున్నాను. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని ఏదైనా చదివి పెట్టమని అడిగేవాళ్ళు రోజూ దొరకరు.

సాహిత్య సంఘం వాళ్ళు నవలలన్నింటికీ స్పైరల్ బైండింగ్ చేయించి, రచయితల పేర్లు తీసేసి నెంబర్లు వేసి, ఎరువుల సంచిలో కట్టి బస్సులో పంపారు. మొదట నేను చదవాలి. ఆ తర్వాత సంచి పుంగనూరులో సంఘం అధ్యక్షులవారికి పోవాలి. ఆయన చదివాక కుప్పం బస్సెక్కాలి. అక్కడ కాలేజీలో చరిత్ర చెప్పే కుర్రాయన మూడో జడ్జి. సంచి విప్పితే ఇంకా యూరియా వాసన కొడుతూనే ఉంది. ఏపుగా పెరిగిన సాహిత్యమే అయ్యుంటుందిలే అనుకున్నాను.

చదవడం మొదలుపెట్టాక తెలిసింది, చారిత్రకంలో చరిత్రకన్నా చారు ఎక్కువని. అదీ పలచటి చారు. ప్రతి నవలలోనూ కథానాయకుడికి ఒక గుర్రం ఉంది. ఆ గుర్రానికి పేరుంది, జాతి ఉంది, యజమాని మనసు కనిపెట్టే తెలివి ఉంది. కథానాయికకు నడుముంది. వీరుడు వస్తాడు, నీళ్ళకు పోయిన పిల్లను ఎత్తి గుర్రం మీద వేసుకుంటాడు. ఆ పిల్ల ఒక పేజీ నిండా అతని రొమ్మును పిడికిళ్ళతో గుద్దుతుంది. పేజీ తిప్పేసరికి అదే రొమ్ము మీద తల వాల్చి వెన్నెలను చూస్తూ ఉంటుంది. ఆ రెండు పేజీల మధ్య ఏం జరిగిందో ఏ రచయితా రాయలేదు. కాగితాలను కలిపి ఉంచిన ప్లాస్టిక్ చుట్టకే తెలియాలి.

మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది. పెన్సిల్ తీసుకుని మార్జిన్లలో "ఈ పిల్లను ఎవరైనా అడిగారా?" అని రాయడం మొదలుపెట్టాను. ఒక్కో నవలలో అదే మాట మళ్ళీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. పిల్లల కాంపోజిషన్లు దిద్దిన రోజుల్లో కూడా పెన్సిల్‌ను అంత గట్టిగా నొక్కలేదు. మా ఆయన తొంగిచూసి, "జడ్జివా, దెబ్బలు కొట్టే టీచరువా?" అన్నాడు.

ఏడో నెంబరు నవల దగ్గర పెన్సిల్ పక్కన పెట్టాను. అది నిజంగా బాగుంది. రాగి చేను కోతకొచ్చిన వాసన, బొక్కెన బావి గోడకు తగిలే చప్పుడు, పొద్దున్నే పేడ కళ్ళాపి మీద కోళ్ళు వేసే అడుగులు, అన్నీ చూసినవాళ్ళు రాసినట్టున్నాయి. గుర్రం ఉంది కానీ దానికి పేరు లేదు. ఎంత సంతోషించానో. అమ్మయ్య, ఒక్కటైనా దొరికింది, దీనికే మొదటి బహుమతి అనుకుంటూ మధ్యాహ్నం అన్నం కూడా మరిచి చదివాను.

సగం దాటాక ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. చౌడేపల్లె పక్కన పల్లె. కానుగ చెట్టు కింద మెట్లు విరిగిన బావి. బావి గట్టు మీద పసుపు గుడ్డ చుట్టిన నల్లరాయి. ఆ బావి మా పుట్టింటి వాళ్ళది. ఆ రాయి మా పేరంటాలు.

పేరంటాలంటే మా ఇంట్లో పుట్టి, మా ఇంట్లో చచ్చిపోయి, మాకే దేవతైన ఆడబిడ్డ. పాలెగాళ్ళు ఉండిన కాలంలో ఒక పాలెగాడు ఆమెను చూసి మనుషులను పంపాడట. తండ్రి భయపడి సరేనన్నాడు. వాళ్ళు తీసుకుపోవడానికి వచ్చిన పొద్దున ఆమె బావిలో దూకింది. మా ఇంట్లో కథ ఇంతే. ఆ పాలెగాడి పేరు మేమెవరమూ పలకం. పలికితే ఆమెకు వినబడుతుందని.

ఏడో నెంబరు నవలలో అతనికి పేరుంది, మీసాలున్నాయి, మంచి మనసుంది. ఆమె అతన్ని ప్రేమించింది. తండ్రి ఒప్పుకోలేదు. చివరి అధ్యాయంలో దూరంగా గుర్రం మీద వస్తున్న అతన్ని కళ్ళారా చూసుకుని, అతని పేరు పలుకుతూ బావిలో దూకింది.

నవలను మూసి బల్ల మీద వేసిన చప్పుడుకు మా ఆయన టీవీ కట్టేసి వచ్చాడు. అంత కోపం నాకు ఎందుకొచ్చిందో తెలియాలంటే నా కొబ్బరికాయ సంగతి చెప్పాలి.

ఆమె పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఆడపిల్లకు సంబంధం కుదిరేటట్టుంటే, తాంబూలాలకు ముందు ఆ పిల్లను రాయి దగ్గరికి తీసుకుపోతారు. కొత్త చీర కట్టరు, పూలు పెట్టరు, మామూలుగా ఇంట్లో ఎట్లా ఉంటుందో అట్లాగే. మగవాళ్ళు పొలం గట్టు అవతలే నిలబడాలి. ఇంట్లోని పెద్ద ఆడమనిషి కొబ్బరికాయ చేత్తో పట్టుకుని, అందరికీ వినబడేట్టు, "ఇష్టమేనా?" అని అడుగుతుంది. పిల్ల ఔనంటే రాయి మీద కాయ కొడతారు. కాదంటే కాయను పగలకొట్టకుండా ఇంటికి తెస్తారు. ఎందుకు కాదన్నావని ఎవరూ అడగకూడదు.

డిగ్రీ చదివేటప్పుడు నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం, కొత్త మోటారు సైకిలు. ఆ రోజుల్లో అదే గుర్రం. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను చూడకుండా మా నాయనను చూసి, "సదువు ఇంక చాలు గదండీ, ఇంట్లో ఒక ఉద్యోగమే ఎక్కువ" అన్నాడు. మా నాయన నవ్వాడు. మాట కూడా ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

రాయి దగ్గర మా అవ్వ కాయ పట్టుకుని అడిగింది. "ఏమ్మే, ఇష్టమేనా?"

గట్టు అవతల మా నాయన గొంతు సవరించుకున్నాడు. ఆ దగ్గు నాకోసమేనని నాకు తెలుసు. రాయి వైపు చూశాను. నాకన్నా చిన్నది, మనిషి మోకాలంత ఉంటుంది. "ఇష్టం లేదవ్వా" అన్నాను.

అవ్వ కాయను కొంగులో వేసుకుని, "పదండి, ఆకలైతాంది" అంది. అంతే.

ఇంటికొచ్చి ఆ కాయ కొట్టి, పచ్చిమిరపకాయలు వేసి, రోట్లో పచ్చడి నూరింది. మా నాయన తలెత్తకుండా సంగటిలో నంజుకుని తిన్నాడు. మళ్ళీ వేయించుకున్నాడు. చేయి కడుక్కునేటప్పుడు, "ఉప్పు సరిపోయింది" అన్నాడు. ఆ విషయంలో ఆయన జీవితంలో అన్న మాట అదొక్కటే. ఆ పచ్చడి పుణ్యాన నేను డిగ్రీ ముగించాను, టీచరునయ్యాను. తర్వాత ఇంకో కాయ అక్కడే పగిలింది. ఆ కాయ కొంచెం కుళ్ళిందే అయ్యుండాలని మా ఆయన్ని అప్పుడప్పుడూ ఏడిపిస్తూ ఉంటాను.

మా పేరంటాలు ఆ రోజు కాదంది కాబట్టే మమ్మల్ని ఇన్ని తరాలుగా అడుగుతున్నారు. ఇప్పుడు ఎవరో వచ్చి, ఆమె ఔనందని రాశారు.

మూడు నెలల తర్వాత పుంగనూరులో అధ్యక్షులవారి ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. ఆయన మంచి మనిషి, రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన భార్య వేడివేడి బోండాలు పెట్టింది. కుప్పం లెక్చరరు పొద్దున్నే బస్సెక్కి వచ్చానని ఆవలిస్తూ తింటున్నాడు.

"ఏడో నెంబరే గదమ్మా, ఇంకేముండాది మాట్లాడేదానికి?" అన్నారు అధ్యక్షులు. "ఆఖర్న సదువుతాంటే కండ్లలో నీళ్ళు తిరిగినాయి నాకు."

"నాకూ తిరిగినాయి సార్, కోపంతో" అన్నాను. రాయి సంగతీ, అడిగే ఆచారం సంగతీ చెప్పాను. నా పచ్చడి కూడా చెప్పాను. ఆ పిల్ల ఇష్టం లేక చచ్చిపోయిందని చెప్పాను.

లెక్చరరు బోండా కింద పెట్టాడు. "మేడం, ఇది రొమాన్స్ నవలల పోటీ. ఇష్టం లేక దూకిందంటే అది రొమాన్స్ ఎట్లయితాది? క్రైమ్ అయితాది."

"నేను చెప్తాండేదీ అదే గదా!"

"క్రైమ్ నవలల పోటీ వచ్చే ఏడు పెడదాం లేమ్మా" అన్నారు అధ్యక్షులు, నిజంగానే నన్ను ఓదారుస్తూ.

"సరే మేడం, ఆమె కాదన్నదానికి ఆధారమేమి?" అన్నాడు లెక్చరరు. "శాసనముండాదా? పాత ఊరి చరిత్రల కైఫీయతు ఉండాదా? పచ్చడిని సోర్సుగా సూపించలేం కదా."

"ఆమె ప్రేమించిందనేదానికి ఆధారమేముంది?"

"అది కల్పన. కల్పనకు ఆధారమెందుకు మేడం?"

ఔనంటే కల్పన చాలు. కాదంటే ఆధారం కావాలి. ఈ మాట నేను పైకి అన్నానో, లోపలే అన్నానో గుర్తు లేదు. గట్టిగానే అన్నట్టున్నాను, వంటింట్లోంచి అధ్యక్షులవారి భార్య తొంగిచూసింది. ఎవరింటికో పోయి వాళ్ళ బోండాలు తింటూ అరవడం మర్యాద కాదని తెలుసు. ఆ బోండాలు బాగున్నాయి కూడా. కానీ ఊరుకోలేకపోయాను. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, ఇద్దరికీ ఆడపిల్లలున్నారు. ఆ పిల్లలను ఎవరైనా గుర్రం మీద కాదు, స్కూటీ మీద ఎక్కించుకుపోయినా వీళ్ళు పోలీస్ స్టేషన్‌లో కూర్చుంటారు. అదే సంగతి పాతకాలపు బట్టలు వేసుకుని వస్తే మాత్రం కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

ఇద్దరు అటు, నేనొక్కదాన్ని ఇటు. ఏడో నెంబరుకే మొదటి బహుమతి. అధ్యక్షులు కవరు చించి రచయిత పేరు చదివారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని ఆ కాగితం తీసుకుని మళ్ళీ చదివాను.

మా చిన్నాయన కొడుకు భార్య. నాకు మరదలు. కుప్పంలో కాపురం. పెళ్ళిళ్ళలో పేరంటాల్లో వడ్డన చేస్తూ కనబడేది, నాలుగు మాటలకు మించి మాట్లాడినట్టు గుర్తు లేదు. ఆమె రాస్తుందనే సంగతే నాకు తెలియదు.

సంగతి చెప్పేసరికి అధ్యక్షులవారి ఆనందానికి హద్దు లేదు. "మీ ఇంటి కోడలా! అయితే పుస్తకం ఆవిష్కరణ ఆ రాయి కాడనే పెడదాం. మీ ఇంటి దేవత, మీ ఇంటి కోడలు, జడ్జి కూడా మీ ఇంటి ఆడబిడ్డే. 'అమర ప్రేమికుల ఆలయం' అని ఆర్చీ కట్టిద్దాం. జంటలు జంటలుగా వస్తారు సూడండి."

ఓటు వ్యతిరేకంగా వేసి మరీ బంధుప్రీతి మూటగట్టుకున్న న్యాయనిర్ణేత ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ మాటకు నవ్వొచ్చేదే, ఇంకో సంగతి గుర్తు రాకపోయుంటే. ఆ మరదలికి ఒక కూతురుంది. చదువైపోయింది, సంబంధాలు చూస్తున్నారని వాళ్ళాయన, అదే మా తమ్ముడు, ఫోన్లో చెప్పాడు. రేపో మాపో ఆ పిల్లను రాయి దగ్గరికి తీసుకొస్తారు. 'అమర ప్రేమికుల ఆలయం' అనే బోర్డు కింద నిలబెట్టి, ఇష్టమేనా అని అడుగుతారు. అక్కడ నిలబడి ఏ పిల్ల కాదనగలుగుతుంది?

మదనపల్లె బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా అధ్యక్షులతో, లెక్చరరుతో, మరదలితో మనసులోనే పోట్లాడాను. నా గొప్ప పోట్లాటలన్నీ బస్సుల్లోనే జరుగుతాయి. దిగేసరికి నేనే గెలిచి ఉంటాను.

ఆర్చీ ఎక్కడ కట్టాలో చూద్దామని అందరం ఒక ఆదివారం పొద్దున ఆ పల్లెలో కలిశాం. నేను చౌడేపల్లె దాకా బస్సులో పోయి అక్కడ ఆటో ఎక్కాను. పోయేసరికి అధ్యక్షులూ లెక్చరరూ కారులో వచ్చి ఉన్నారు. వెదురు గడలు దిగాయి. మరదలు బావికి కాస్త దూరంగా, కుప్పం నుంచి వచ్చిన అలసట ముఖంతో, ఒక్కతే నిలబడి ఉంది. నన్ను చూసి, "బాగుండావా వదినా" అంది. బాగున్నానని కూడా అనలేదు నేను.

ఇంతలో అధ్యక్షులు సంచిలోంచి కొబ్బరికాయ తీశారు. మావైపు ఏ పని మొదలుపెట్టినా కాయ కొట్టకుండా పెట్టరు. బోరు వేసినా, షాపు తెరిచినా, కొత్త ట్రాక్టరు తెచ్చినా కాయ పగలాల్సిందే. ఆయన అలవాటుగా రాయి ముందు వంగి, కాయను తలపైకి ఎత్తారు.

నేను పరుగెత్తాను. అది నా మోకాళ్ళకే కొత్త. పోయి ఆయన చేతిలో కాయను రెండు చేతులతో పట్టుకున్నాను.

"కొట్టొద్దు సార్!"

"యాలమ్మా? కొబ్బరికాయే గదా?"

"ఈడ కాయ కొడితే పిల్ల ఒప్పుకున్నట్టు."

"ఏ పిల్ల?" అంటూ ఆయన చుట్టూ చూశారు.

రాయి వైపు చూపించాను. "ఈ పిల్ల."

ఆయన కాయ వదిలేశారు. కాసేపు రాయి వైపే చూసి, రెండడుగులు వెనక్కి పోయి చెప్పులు విప్పి పక్కన పెట్టారు. లెక్చరరు గడల లెక్క చూసుకుంటున్నట్టు అటు తిరిగాడు. నా కోపమంతా మరదలి మీదికి మళ్ళింది.

"వాళ్ళకు తెలీదు. నీకు తెలుసు గదా? తెలిసీ యాల రాసినావు?"

ఆమె కొంగు సరిచేసుకుంది. భయపడుతుందనుకున్నాను. భయపడలేదు.

"తెలుసు వదినా. మీ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఇంటానే ఉండా ఈ కత. మీ ఇంటి ఆడబిడ్డలు ఎవురొచ్చినా ఇదే సెప్తారు. నన్ను ఈడ నిలబెట్టి అడిగినారు, నన్ను అడిగినారు అని. బో గొప్పగా సెప్తారు. నన్నెవురు అడిగినారు?"

ఆమె ఆగలేదు.

"మా నాయనా మీ చిన్నాయనా కుప్పం స్టేషన్లో బెంగుళూరు రైలు కోసరం కూసోని మాట్లాడుకున్న్యారు. రైలొచ్చే లోపల నా పెండ్లి అయిపోయింది. మీ ఇంట్లో ఆడబిడ్డల్నే గదా అడిగేది. కోడండ్లను యాడ అడిగినారు?" ఆమె రాయి వైపు చూసింది. "ఈ యమ్మైనా ఇష్టపడి ఉంటే బాగుండు అనిపించింది వదినా. ఎవురో ఒకరన్నా ఇష్టపడిన మనిషి కోసరం సచ్చిపోయుంటే... అట్ల రాసుకున్యా. దాంట్లో తప్పేముండాది?"

నా కోపం తగ్గలేదు. దారి మళ్ళింది. ఇన్ని తరాలుగా కాయ పట్టుకుని అడిగిన మా అవ్వల మీద, గట్టు అవతల నిలబడి గర్వపడిన మా నాయనల మీద, ఆ పచ్చడిని పతకంలా మెళ్ళో వేసుకుని తిరుగుతున్న మామీద వచ్చింది. మా ఇంట్లో పుట్టిన పిల్లకు నోరిచ్చి, మా ఇంటికొచ్చిన పిల్లకు గరిటె ఇచ్చాం. అయినా ఆమె రాసింది ఒప్పుకోలేకపోయాను.

"నీకు లేని ఇష్టాన్ని ఆమెకు రాసిచ్చినావు. సరే. కానీ ఆమెకు ఉండింది ఆ 'కాదు' ఒకటే మ్మే. అది లాగేసుకున్నావు."

నేనే మళ్ళీ అడిగాను.

"నీ కూతుర్ని ఈడికే గదా తెచ్చేది?"

"ఊఁ."

"ఈ ఆర్చీ కింద నిలబడి అది ఏం సెప్తాది?"

ఆమె వెదురు గడల వైపు చాలాసేపు చూసింది. తర్వాత అధ్యక్షుల దగ్గరికి పోయి, "సార్, ఈడ వద్దు. ఆర్చీ వద్దు, బోర్డు వద్దు. పుస్తకం పుంగనూర్లోనే పెట్టుకుందాం" అంది. ఆయన వెంటనే తలూపారు. చెప్పులు విప్పినప్పుడే ఆయన ఒప్పేసుకున్నారని నాకనిపించింది.

నాకు ధైర్యమొచ్చి, "మరి ఆఖరి అధ్యాయం?" అన్నాను.

"అది నా ఇష్టం వదినా" అంది.

ఏమనాలి? జీవితమంతా 'ఇష్టమేనా' అనే మాట పట్టుకుని వేలాడిన మనిషిని. ఆ మాట తిరిగొచ్చి నా ముందే నిలబడితే పక్కకు తప్పుకోవడం తప్ప దారి లేదు.

తర్వాత పుంగనూరు హాల్లో పుస్తకం వచ్చింది. అట్ట మీద గుర్రముంది. లోపల ఆఖరి అధ్యాయం ఒక్క అక్షరం మారలేదు. ఆమె ఇంకా అతని పేరు పలుకుతూనే దూకుతోంది. నేను వేదిక మీద కూర్చుని, నా వంతు రాగానే, ఈ నవలకు నేను ఓటు వెయ్యలేదని, ఆ పిల్ల కాదందని, మా ఇంట్లో అందరికీ తెలుసని చెప్పి దిగాను. చప్పట్లు పెద్దగా పడలేదు. మరదలు మాత్రం కొట్టింది. ఎందుకు కొట్టిందో అడగలేదు. నాకు ఆ పుస్తకం చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కానీ ఆర్చీ వద్దన్న ఆ ఆదివారం, చౌడేపల్లెలో ఇద్దరం బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఆమెది ఒక వైపు, నాది ఒక వైపు. అధ్యక్షుల చేతిలోంచి లాక్కున్న కాయ ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తోచక ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాను. కుప్పం పోయే బస్సు ముందు వచ్చింది. ఆమె మెట్టెక్కి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"ఇట్లియ్యి వదినా ఆ కాయ. పాపకు పచ్చడి నూరి పెడతా. రుచి తెలిసుండాల గదా."